నెలనెలా ఊలు డబ్బా

స్వెట్టర్లు, సాక్సులు అల్లేవాళ్లకు నెలనెలా ఊలు నమూనాలు ఇంటికి పంపే చందాలు అమెరికాలో, బ్రిటన్‌లో మామూలైపోయాయి. అక్కడ అల్లిక మొదలుపెట్టిన మనవాళ్లకూ ఇవి కంటబడుతూనే ఉంటాయి. నన్నడిగితే, ఏడాదికి ఒకేసారి కట్టకండి. రెండు మూడు నెలలు తెప్పించుకుని మానేయండి. డబ్బాలో వచ్చే చిన్న చిలప సాధారణంగా 10 నుంచి 20 గ్రాములు. పెద్దవాళ్ల సాక్సుల జతకే దాదాపు 100 గ్రాములు కావాలి, స్వెట్టరు సంగతి ఇక చెప్పనక్కర్లేదు. అయినా నమూనాను తూకం వేసి చూడకూడదు, ఉతికి చూడాలి. దాంతో 10 సెంటీమీటర్ల చదరం అల్లి, వరసకు ఎన్ని కుట్లు పడ్డాయో లెక్కపెట్టండి. నానబెట్టి, మెలితిప్పి పిండకుండా తువ్వాల్లో చుట్టి నొక్కి, పరిచి ఆరబెట్టి, మళ్లీ లెక్కపెట్టండి. ఊలు అసలు గుణం అప్పుడు బయటపడుతుంది. మెషీన్లో వేసినా ముడుచుకోదనే సూపర్‌వాష్ ఊలు తడిస్తే సాగుతుంది. తక్కువ పురితో వడికిన మెరినోను కాసేపు వేళ్లతో రుద్దితే చాలు, ఉండలు కట్టేస్తుంది. దుకాణంలో తడిమి చూస్తే ఇవేవీ తెలియవు. ఈ ఓపిక ఉన్నవాళ్లకు చందా దండగ కాదు. రంగులు చూసి మురిసిపోయి సొరుగులో దాచేవాళ్లకు మాత్రం (వాళ్లే ఎక్కువని నా అనుమానం) అది ఎన్నడూ కుట్టించని జాకెట్టు ముక్కల మూటే. ఇంకో చిక్కుంది: చేత్తో రంగు వేసిన ఊలు విడతకో ఛాయలో వస్తుంది, నమూనాలో నచ్చిన రంగే స్వెట్టరుకు దొరుకుతుందన్న హామీ లేదు. డబ్బు కట్టే ముందే ఆ ఊలు పూర్తి చిలపలుగా అమ్ముతారో లేదో అడగండి. అమ్మరంటే ఆ డబ్బుతో ఒకే విడత రంగు చిలపలు నాలుగు కొనుక్కోండి.