టాకోలో ఊరుబిండి

పోయిన నెల మా నాయన పరిగి నుంచి బెంగళూరు వచ్చాడు, కంటి పరీక్షకు. పొద్దున్నే బస్సులో హిందూపురం, అక్కడ్నుంచి రైలు. యలహంకలో దిగితే నేను బైక్ మీద ఎక్కించుకున్నా. ఆస్పత్రిలో కళ్లలో చుక్కలు వేశారు. నాలుగైదు గంటలు దగ్గరివి సరిగా కనపడవన్నారు. అది విన్న వెంటనే నాకొక ఐడియా వచ్చింది. మా వీధి చివర చిన్న మెక్సికన్ హోటల్ ఉంది. ఎనిమిది టేబుళ్లు, గోడకు రంగు కాగితాల తోరణాలు. ఎప్పట్నుంచో నాయనను అక్కడికి తీసుకుపోవాలని ఉంది. కానీ మెనూలో ధరలు చూస్తే గుమ్మంలోనే వెనక్కి తిరుగుతాడు. ఈ రోజు చూడలేడు కదా!

ఇంకో కారణం కూడా ఉంది. ఇరవై రోజుల కింద నా ఉద్యోగం పోయింది. పదిహేను నిమిషాల వీడియో కాల్, ఒక మెయిల్, అంతే. ఇంట్లో చెప్పలేదు. రోజూ సాయంత్రం అమ్మ ఫోన్ చేస్తే 'ఆఫీసులోనే ఉన్నామా' అనేవాణ్ణి. నాయనకు ఎదురుగా కూర్చోబెట్టి చెప్పేద్దాం అనుకున్నా.

ముందు నాచోస్ వచ్చాయి. వాటితో పాటు చిన్న గిన్నెలో సల్సా. నాయన వేలితో నాకి చూసి, 'ఇది మన ఊరుబిండే కదరా, చింతపండు మర్చిపోయినారు' అన్నాడు. నవ్వాను గానీ మాట నిజమే. టమోటా, మిరపకాయ, ఉప్పు వేసి రాతి రోట్లో నూరితే సల్సా. ఆ రోలును వాళ్లు మోల్కాహెతె అంటారు. ఎండుమిర్చి, వెల్లుల్లి, శెనక్కాయలు నూనెలో వేయించి చేసే సల్సా మాచా ఇంకొకటి ఉంది. దాన్ని అనంతపురం తెచ్చి సంగటి పక్కన పెడితే ఎవరూ అనుమానపడరు. అసలు మిరప, టమోటా, మొక్కజొన్న, శెనక్కాయ అన్నీ అమెరికా ఖండాల నుంచి వచ్చినవే. కొలంబస్ 1492లో అటు పోకముందు మన ఊరుబిండిలో ఏముండేదో ఆలోచించండి, చింతపండూ ఉప్పే మిగులుతాయి!

ఆ చింతపండేమో అటు పోయింది. మెనూలో 'తమరిండో' అని ఒక జ్యూస్ ఉంది. అరబ్బులు చింతపండును 'తమర్ హిందీ', అంటే హిందూ దేశపు ఖర్జూరం అన్నారు. ఆ పేరే స్పెయిన్ వాళ్ల నోట్లో నలిగి మెక్సికో చేరింది. హిందూపురం మార్కెట్‌లో చింతపండు మూటలు మోసిన మనిషికి దాన్ని గ్లాసులో ఐస్ వేసి ఇచ్చాను. 'పానకమే' అన్నాడు.

తర్వాత టాకోలు. నాయన రొట్టెను వేళ్ల మధ్య పెట్టి రుద్దాడు. కళ్లకు సరిగా కనపడకపోయినా చేతికి తెలిసిపోయింది. 'మొక్కజొన్న పిండే. కానీ మడిస్తే విరగలేదే? మీయమ్మ తడితే ముక్కలైతాది.' ఈ ప్రశ్న నాకు ఎప్పుడూ రాలేదు, అప్పటికే ఆ హోటల్లో ఇరవై సార్లు తినుంటా. ఫోన్ తీసి చదివి చెప్పాను. గింజల్ని సున్నపు నీళ్లలో ఉడికించి, రాత్రంతా నానబెట్టి, పొట్టు కడిగి రుబ్బుతారు. అప్పుడు పిండి సాగుతుంది, రొట్టె మడత పడుతుంది. వేల ఏళ్ల నాటి పద్ధతి. గింజలో ఉన్న బి3 విటమిన్ ఒంటికి పట్టేది కూడా దీనివల్లే. యూరప్ వాళ్లు మొక్కజొన్నను తీసుకుపోయారు గానీ సున్నం సంగతి వదిలేశారు. అదే తిని బతికిన పేదలకు పెలగ్రా జబ్బు వచ్చింది.

'గింజ తీసుకపోయి, గింజను వండేది నేర్చుకోలేదన్నమాట' అన్నాడు నాయన.

ఇప్పుడు చెప్పాలి అనుకున్నా. నోరు రాలేదు. మాట మార్చడానికి నాచోస్ కథ ఎత్తుకున్నా. 1940ల్లో మెక్సికో సరిహద్దు ఊరు పియెద్రాస్ నెగ్రాస్‌లో ఒక హోటల్. వంటవాడు లేని సమయంలో కస్టమర్లు వచ్చారు. ఇగ్నాసియో అనయా అనే ఉద్యోగి వంటింట్లో ఉన్న రొట్టె ముక్కలు, చీజ్, మిరపకాయలు కలిపి పెట్టాడు. ఆయన ముద్దుపేరు నాచో.

బిల్లు వచ్చింది. 'చదువు' అన్నాడు. అబద్ధం చెబుదామనుకుని చెప్పలేకపోయా. 1,260 రూపాయలు. 2025-26కి మొక్కజొన్న మద్దతు ధర క్వింటాలుకు 2,400. నాయన లెక్క వేయడానికి క్షణం పట్టలేదు. 'అర క్వింటాలు పైనే తిన్యాం' అన్నాడు. కోపం లేదు.

తర్వాత మెల్లగా అడిగాడు. 'ఈ రోజు బుధవారం. పొద్దున్నించి ఆఫీసు ఫోను ఒక్కటీ రాలే. పోయినసారి వస్తే అన్నం తిననీకుండా మోగుతాండె. ఏమైంది?'

చెప్పేశాను, మొత్తం. బైక్ ఈఎంఐ, రూమ్ అద్దె, ఎన్ని నెలలకు డబ్బు సరిపోతుందో కూడా.

కాసేపు టేబుల్ మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. 'నువ్వు ఇంజినీరింగ్ చదివేటప్పుడు రెండేండ్లు శెనక్కాయ చేతికి రాలే. నీకు చెప్పినామా? ఫీజు కడతానే ఉంటిమి.'

'లేదు.'

'చెప్పింటే బాగుండేదేమో. మేము దాచినామని చూసి నువ్వూ దాచేది నేర్చుకున్నావు.'

నాకు ఏమనాలో తోచలేదు. నాలుగేళ్లు నెలనెలా నా అకౌంట్లో పడిన డబ్బు ఎక్కడ్నుంచి వచ్చిందని నేనెప్పుడూ అడగలేదు. అడగాలనే తోచలేదు.

మిగిలిన టాకోలు పార్సిల్ కట్టించుకున్నాడు. 'మీయమ్మకు నేను చెప్పను. నువ్వే చెప్పల్ల' అని యలహంకలో రైలెక్కాడు. ఆ రాత్రే ఫోన్ చేశా. అమ్మ ఏడ్చింది, తిట్టింది, చివరికి 'పైకానికి ఎట్ల చేస్తాండావు?' అని అడిగింది. మూడు వారాల తర్వాత ఆ రాత్రి నిద్ర పట్టింది.

వచ్చే వారం రెండు ఇంటర్వ్యూలున్నాయి. వస్తుందో రాదో తెలీదు. ఇది చదివేవాళ్లలో నాలాగా రోజూ 'ఆఫీసులోనే ఉన్నామా' అనేవాళ్లు ఎవరైనా ఉంటే ఒక్క మాట. ఇంట్లో వాళ్లకు అప్పటికే సగం తెలిసే ఉంటుంది. మిగతా సగం మీరు చెప్పండి. దానికి మెక్సికన్ హోటలే అక్కర్లేదు, ఫోన్ చాలు.

అన్నట్టు, అమ్మ సున్నపు నీళ్ల ప్రయోగం చేసింది. తమలపాకుల్లోకి వాడే తినే సున్నంతోనే. మొదటిసారి ముద్ద జావైపోయిందట. రెండోసారికి రొట్టె మడత పడిందని నాయన ఫోటో పంపాడు. పక్కన ఊరుబిండి, చింతపండు వేసిందే.