గురుగాకుకు సర్టిఫికెట్

ఈ వారం వాట్సాప్‌లో ఒక కరపత్రం చేతులు మారి మారి నా దాకా వచ్చింది. బెంగళూరు పొలిమేరలో ఏదో తోట. శని, ఆదివారాలు రెండు రోజుల శిక్షణ. అడవి ఆకుకూరలు గుర్తుపట్టడం, మూలికలతో కషాయాలు కాచడం, మట్టి గోడ పెట్టడం, చాప అల్లడం, కట్టెల పొయ్యి మీద రొట్టె కాల్చడం, అన్నీ చేత్తో చేసి నేర్చుకోవచ్చట. ఆఖర్న సర్టిఫికెట్. ఫీజు ఎంతో ఇక్కడ రాయను. మా వజ్రకరూరు మండలంలో ఉపాధి పనికి పోయే మనిషికి నెలంతా పనిచేసినా ఆ డబ్బు చేతికి రాదని మాత్రం చెబుతాను. 2025-26లో ఆంధ్రప్రదేశ్‌కు కేంద్రం ప్రకటించిన ఉపాధి కూలి రోజుకు 307 రూపాయలు. అదైనా కొలతలు కుదిరితేనే.

కరపత్రం మీద పెద్ద ఫొటో ఉంది. గులాబి రంగు కంకులు విరబూసిన గురుగు మొక్క. కింద ‘మరచిపోయిన మహా పోషకం’ అని రాశారు. మా వీధిలో అరవై దాటిన పెద్దమ్మ ఒకామె ఉంది, కలుపు కూలికి పోయి పోయి నడుము వంగిపోయిన మనిషి. ఫోన్ చూపిస్తే కళ్లు చికిలించి చూసి, “ఏమప్పా, పూత పట్టిన గురుగు ఎవురు తింటారు? అంతా నార. లేతగా ఉన్నప్పుడు కొన గిల్లుకోవల్ల గాని” అంది. ఫీజు సంగతి చెప్పాను. “ఆకు గిల్లేదానికా?” అని నవ్వి లోపలికి పోయింది. కోపం రావలసింది ఆమెకు, వచ్చింది నాకు.

నేర్చుకునేవాళ్ల మీద నాకేం కోపం లేదు. కంప్యూటర్ ముందు కూర్చునే పిల్లలు రెండు రోజులు మట్టిలో చేయి పెడతామంటే సంతోషమే. నేర్పే పద్ధతులు మన దగ్గరే ఉన్నాయి. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంగం మహిళలు, వాళ్లలో ఎక్కువమంది దళిత మహిళలు, విత్తకుండా మొలిచే ఆకుల గురించి దశాబ్దాలుగా చెబుతున్నారు. సంక్రాంతి వచ్చిందంటే పాత పంటల జాతర, ఎడ్లబండ్ల మీద విత్తనాలు ఊరూరా తిరుగుతాయి. 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం వాళ్ల ఈక్వేటర్ బహుమతి ఆ సంగాలకు వచ్చింది. అక్కడ పాఠం చెప్పేది ఆ ఆడవాళ్లు, చాప మీద కూర్చుని వినేది చదువుకున్నవాళ్లు. మన జిల్లాలకే వస్తే, చెన్నేకొత్తపల్లి దగ్గర 32 ఎకరాల బీడు కొని 1990లో మొదలైన టింబక్టు కలెక్టివ్ ఉంది. పని ఊరివాళ్లతో, ఊరివాళ్ల పేరుతో జరిగితే ఎలా ఉంటుందో అక్కడికి పోయి చూడొచ్చు.

నా కరపత్రంలో మాత్రం నేర్పేవాళ్ల పేర్లు మూడున్నాయి. మూడూ నగరం పేర్లే. ‘స్థానిక మహిళల సహకారంతో’ అని అడుగున చిన్న అక్షరాలు. వంట వాళ్లది అన్నమాట.

అసలు ఈ చదువు సాగే బడి శనక్కాయ చేను. విత్తిన ఇరవై రోజులకు కలుపు మొదలవుతుంది. పది పన్నెండు మంది ఆడవాళ్లు సాళ్ల వెంబడి వంగి పోతుంటారు. కుడిచేతిలో కొడవలి, ఎడమచేత్తో పీకడం. పీకినవన్నీ గట్టు మీదికి పోవు. చెంచలాకు, దొగ్గలాకు, లేత గురుగు, పావిలాకు కనబడితే చేయి తనంతట తానే ఒడి వైపు తిరుగుతుంది. మాట ఆగదు, చూపు ఆగదు, వేళ్లు కొనలు గిల్లుతూనే ఉంటాయి. పక్కన పదేళ్ల పిల్ల ఉంటే దాని ఒడిలోంచి రెండు ఆకులు తీసి అవతల పారేస్తారు, మాట కూడా అనకుండా. పాఠం అంతే. ఆ పిల్ల ఇంకోసారి అది కోయదు.

ఇక కలపడం వేరే విద్య. చెంచలి ఎంతైనా వేసుకోవచ్చు. పావిలాకు పులుపుకు, జిగటకు. కాశాకు చేదు కాబట్టి పిడికెడు దాటకూడదు. దాని పచ్చి కాయలు ఏరేయాలి, నల్లగా మాగినవైతే పిల్లలు చేలోనే తినేస్తారు. గలిజేరుల్లో ఏది ఏదో తెలియనివాళ్లు వాటి జోలికి పోకపోవడమే మేలు. ముదిరిందాన్ని తింటే కడుపు పట్టుకుని పరుగెత్తాలి. అన్నీ కడిగి, గుప్పెడు కందిబేడలు, పచ్చిమిరపకాయలు, చింతపండు వేసి ఉడికించి, తెల్లవాయలు కొట్టి వేసి మెత్తగా ఎనిపితే పుల్లగూర. జొన్నరొట్టె మీద ఒక ముద్ద. ఆ రాత్రికి అంగడికి పోయే పని లేదు. కూలి డబ్బులు కూలి డబ్బులే, ఈ ఒడి నిండా ఆకు దాని మీద వచ్చిన లాభం. చేను గలాయన కూడా వద్దనడు, ఆయనకు కలుపు పోయింది కదా.

ఈ లాభం ఏ లెక్కల్లోనూ ఉండదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే, 2019-21 నాటిది, మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 58.8 శాతానికి రక్తహీనత ఉందని చెప్పింది. దానికి ఐరన్ మాత్రలున్నాయి, చిక్కీలున్నాయి, బలవర్ధక బియ్యం ఉంది. చేలో ఉచితంగా మొలిచే ఆకు ఏమైందని ఏ సమీక్షా సమావేశంలోనూ ఎవరూ అడగరు. అది ఏమైందో నేను చెబుతాను. ఈ శీర్షిక చదివేవాళ్లకు తెలుసు నేను ఎక్కడికి వస్తున్నానో. విసుగొస్తే రెండు పేరాలు దాటేయండి.

కలుపు మందు. శనక్కాయ విత్తిన వెంటనే నేల మీద పెండిమిథాలిన్, మొలిచిన పదిహేను ఇరవై రోజులకు ఇమాజితాపిర్. ఆ రెండో మందు కొట్టే అదును చూడండి, కలుపు రెండు నుంచి నాలుగు ఆకుల మీద ఉన్నప్పుడు. సరిగ్గా మా పెద్దమ్మ కొన గిల్లుకునే అదునే అది. ఒక మనిషి వీపున పంపు కట్టుకుని పొద్దున పోతే మధ్యాహ్నానికి నాలుగైదు ఎకరాలు అయిపోతుంది. వారానికి గురుగు పసుపెక్కుతుంది, తర్వాత వాడి పడిపోతుంది. గట్ల మీదా, బీళ్లలోనూ గ్లైఫోసేట్. దాన్ని పురుగుల నియంత్రణ ఆపరేటర్లు తప్ప ఇంకొకరు వాడకూడదని కేంద్రం 2022 అక్టోబరులో ఉత్తర్వు ఇచ్చింది. మా వైపు గట్ల మీద వాడేవాళ్లను చూశాను గాని, వాళ్లలో ఆపరేటర్ అనదగినవాడు ఒక్కడూ లేడు. అమ్మేటప్పుడు అంగట్లో అడిగేవాడూ లేడు.

రైతును తిట్టను. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన, అదీ ఎప్పుడు పడుతుందో తెలియని నేల. కూలి పెట్టి రెండుసార్లు కలుపు తీయిస్తే శనక్కాయ మీద మిగిలేది ఏముందని ఆయన అడిగితే నా దగ్గర జవాబు లేదు. కూలీలు దొరకరన్నదీ నిజమే, సగం మంది బెంగళూరులో కట్టడాల పనిలో ఉన్నారు. ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఒకప్పుడు ఇరవై లక్షల ఎకరాల దాకా ఈ ఒక్క పంటే వేయించారు. కొర్ర, సజ్జ, అలసంద, అనుములు సాళ్ల మధ్య ఉన్నంత కాలం ఈ మందులకు చోటు లేదు. మందు కొడితే పైరు కూడా పోతుంది కాబట్టి ఎవరూ కొట్టరు. ఒకే పంట వచ్చాక మందుకు దారి సుగమమైంది. హంద్రీ-నీవా కాలువ నీళ్లు పారిన చోట మిరప వచ్చింది, దానితో ఇంకా ఎక్కువ మందులొచ్చాయి. ప్రకృతి సేద్యం వాళ్లు వానలకు ముందే నవధాన్యాలు చల్లించడం కొన్ని ఊళ్లలో చూశాను. వాళ్లు 2024లో గుల్బెంకియన్ అనే అంతర్జాతీయ బహుమతిని ఇతరులతో పంచుకున్నారు కూడా. ఆ చేలల్లో ఆకు మళ్లీ కనబడుతోంది. మిగతా ఊళ్లలో మాత్రం మందు అంగళ్లే కనబడుతున్నాయి.

అంటే సంగతి ఎక్కడికొచ్చిందంటే, ఆకు తెలిసిన ఆడవాళ్లు ఇక్కడున్నారు, ఆకు లేదు. ఆకు తెలియనివాళ్లు అక్కడ తోటలో మందు కొట్టకుండా పెంచుకుని, ఫీజు తీసుకుని చూపిస్తున్నారు.

మట్టి గోడ పాఠం గురించీ ఒక మాట. మా వైపు మట్టి మిద్దెలు ఎన్ని తరాలు నిలిచాయో లెక్క లేదు. దూలాల మీద కట్టెలు, వాటి మీద ఆకు అలము, దాని మీద మన్ను, పైన చౌడుమన్ను. ఏటా వానలకు ముందు చౌడు తెచ్చి పరిచి చదును చేస్తే చుక్క కారదు. ఆ మిద్దెలో ఎండాకాలం పడుకున్నవాడికి ఫ్యాను గుర్తు రాదు. సర్కారు సర్వేలో మాత్రం అది కచ్చా ఇల్లు, పేదరికానికి గుర్తు. స్కీములో స్లాబు వేసుకుంటేనే బిల్లు. మిద్దె కట్టే మేస్త్రీ ఇవాళ సిమెంటు మోస్తున్నాడు. ఆయన కొడుకును ఆ శిక్షణకు పంపాలంటే ఫీజు కట్టాలి.

మూలికల పాఠం దగ్గర నవ్వు రాదు, భయం వేస్తుంది. కరోనా రోజుల్లో తిప్పతీగ గోడల మీద నుంచి గ్లాసుల్లోకి వచ్చింది. 2021లో ముంబై వైద్యులు ఆరుగురు రోగుల గురించి రాశారు, తిప్పతీగ వాడాక కాలేయం దెబ్బతిన్నదని. ఆయుష్ మంత్రిత్వ శాఖ ఒప్పుకోలేదు. వాళ్లు వాడింది తిప్పతీగ కాకపోవచ్చు, దాని పోలికే ఉన్న ఇంకో తీగ కావచ్చు అంది. ఎవరిది నిజమో తేల్చే వైద్యుణ్ణి కాను. రెండు తీగల మధ్య తేడా ఎంత బరువైన విషయమో మాత్రం ఆ గొడవే చెబుతోంది. ఆ తేడా రెండు రోజుల్లో రాదు. శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయంలో పుల్లయ్య గారు, యశోద గారు కలిసి అనంతపురం జిల్లా మొక్కల మీద 1989లో పుస్తకం తెచ్చారు. అలాంటి పుస్తకం చేతిలో ఉండాలి, పక్కన పెద్దమ్మ ఉండాలి. ఫోన్‌లో ఫొటో తీస్తే పేరు చెప్పే యాప్ చాలదు.

చట్టం సంగతి చూస్తే కడుపు మండుతుంది. జీవవైవిధ్య చట్టం 2002లో వచ్చింది. మొక్కను, దాని గురించిన తెలివిని వాడి వ్యాపారం చేసేవాడు ఊరివాళ్లకు వాటా ఇవ్వాలన్నది అందులో ఒక మంచి మాట. 2023లో దాన్ని సవరించారు. గ్రంథాల్లోకి ఎక్కిన సంప్రదాయ జ్ఞానం వాడుకునేవాళ్లకు ఆ వాటా బాధ్యత లేకుండా చేశారు. కేరళలో కాణి గిరిజనులు చూపించిన ఆరోగ్యపచ్చ మొక్కతో ‘జీవని’ మందు చేసి, వచ్చిన దాంట్లో సగం వాళ్లకు ఇవ్వాలని అక్కడి ఉష్ణమండల వృక్షోద్యాన పరిశోధన సంస్థ తొంభైల్లోనే ఒప్పుకుంది. ఇరవై ఎనిమిదేళ్ల తర్వాత మన దిల్లీ వెనక్కి నడిచింది.

మన పత్రికలకైనా పట్టిందా? తొలకరి పడితే మా ఊరి పేరు పేపర్లో వస్తుంది, వజ్రం దొరికిందని. కర్ణాటక నుంచి, కర్నూలు నుంచి మనుషులొచ్చి దున్నిన చేలల్లో తలలు వంచుకుని తిరుగుతారు. విత్తిన సాళ్లు తొక్కేస్తారు. ఎవరికో రాయి దొరికిందట, ఎవరో వ్యాపారి లక్షలిచ్చి కొన్నాడట. రాయి చూసినవాడు ఉండడు, కొన్నవాడి పేరు ఉండదు, అంకె మాత్రం హెడ్డింగులో ఉంటుంది. ఈ నేల కింద వజ్రాలుండే కింబర్లైట్ రాతి గొట్టాలున్నాయి, భూగర్భ సర్వే వాళ్లు దశాబ్దాలు తవ్వి చూశారు, అది నిజమైన వార్త, దాన్ని ఎవరూ రాయరు. అదే చేలో, అదే వారంలో, అలాగే తల వంచుకుని ఆకు ఏరే ఆడమనిషి ఫొటో నేను ఏ పేపర్లోనూ చూడలేదు. నేను రాస్తున్న ఈ పేపర్‌తో సహా.

కొండల మీదికొస్తే గాలిమరలు. కల్పవల్లి అనే చోట ఊరివాళ్లు ఏళ్ల తరబడి కాపాడి ఈతచెట్లు, బోదగడ్డి పెంచుకున్న కొండల మీద మరలు వేశారు. రికార్డులో అది బంజరు కాబట్టి. గొర్రెల మేత పోయింది, గడ్డి పోయింది. మా కొండల మీద కూడా అవే రెక్కలు తిరుగుతున్నాయి. వాటి గురించి ఇంకో వారం.

కరపత్రం వాళ్లకు నా విన్నపం ఒక్కటే. వానలు పడ్డాక ఇక్కడికే రండి. మందు కొట్టని చేను ఒకటి వెదికి పెడతాను, కష్టమే గాని దొరుకుతుంది. పాఠం చెప్పే ఆడవాళ్లకు మీ ముగ్గురు గురువులకు ఇచ్చేంతే ఇవ్వండి, పేర్లు పైన పెద్ద అక్షరాల్లో వేయండి.

మా ఊరివాళ్లకు ఇంకొకటి. పంచాయతీలో ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు అని ఒకటి ఉండాలి. 2020 జనవరి 31 లోపు దేశంలోని స్థానిక సంస్థలన్నీ రాసి తీరాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ గడువు పెట్టింది, తప్పితే రాష్ట్రాలకు నెలకు పది లక్షల జరిమానా అంది. కాబట్టి రాసే ఉంటారు. అందులో ప్రతి మొక్క ఎదురుగా, ఆ తెలివి ఎవరిదో రాయడానికి ఒక గడి ఉంటుంది. సోమవారం పొద్దున పోయి అడిగి, ఆ గడిలో ఎవరి పేరుందో చూసి నాకు రాయండి.