ఒక్క చోటు చెప్పండి చాలు!



"మీకు నచ్చిన పాట ఏది?" అని ఎవరైనా అడిగితే జవాబు చాలా తేలిక. టక్కున ఒక పేరు చెప్పి ఊరుకోవచ్చు. "ఆ పాటలో మీకు నచ్చిన చోటు ఏది? పాటంతా కాదు సుమా, ఒక్క చోటు!" అని అడిగి చూడండి. పాట విన్నవాళ్లెవరో, పాట పేరు మాత్రమే విన్నవాళ్లెవరో అప్పుడు బయటపడుతుంది!

నెల్లూరు సముద్రం ఒడ్డున కుర్రకారుకు ఈ ఆట మహా సరదా. ఆదివారం సాయంత్రం మైపాడు ఇసుకలో నలుగురు చేరితే చాలు, మొదలు! రొయ్యల గుంటల దగ్గర రాత్రి కాపలా కాసేవాళ్లకైతే తెల్లవార్లూ ఇదే కాలక్షేపం. ఏరియేటర్ల హోరులో కూడా ఫ్లూటు బిట్టు ఎక్కడ మొదలవుతుందో చెప్పగల చెవులు వాళ్లవి.

ఆటకు మూడే షరతులు. ఒకటి, పాటలోని మాటలు చెప్పకూడదు. (ఆత్రేయ గారి అభిమానులూ, వేటూరి గారి అభిమానులూ మన్నించాలి!) రెండు, హీరో పేరు చెప్పి తప్పించుకోకూడదు. మూడు, ఎందుకు నచ్చిందో రెండు ముక్కల్లో చెప్పాలి. చెప్పలేనివాళ్లు టీ ఇప్పించాలి.

ఆ తీరంలో ఈ ఆట ఎవరితో మొదలైనా చివరికి బాలు దగ్గరికే చేరుతుంది. ఎందుకు చేరదు? నెల్లూరు వాళ్లకు ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం అంటే సినిమా గాయకుడు మాత్రమే కాదు, హరికథలు చెప్పిన సాంబమూర్తి గారి అబ్బాయి. తిప్పరాజువారి వీధిలోని తమ ఇంటిని 2020 ఫిబ్రవరిలో వేద పాఠశాల కోసం కంచి కామకోటి పీఠానికి అప్పగించి వెళ్లిన మనిషి. అదే ఏడాది సెప్టెంబరు 25న చెన్నైలో ఆయన కన్నుమూశారు. ఆ తర్వాత ఈ ఆటకు కొంచెం బరువు వచ్చింది. సరదాకు ఏరుకున్న బిట్లే ఇప్పుడు దాచుకునే బిట్లయ్యాయి.

సరే, ఈ వారం మనకు చేరిన "చోట్లు" చూద్దామా?

మొదటిది సూళ్లూరుపేట వైపు నుంచి వచ్చింది. విచిత్రం ఏమిటంటే అందులో బాలు లేరు! "మరోచరిత్ర" (1978)లో సుశీల గారు పాడిన పాట. ఆమె హాయిగా పాడుకుంటూ పోతుంటే మధ్యలో కమల్ హాసన్ గొంతు తమిళంలో "అంటే ఏమిటి?" అని అడుగుతుంది. అంతే, ఒక్క మాట! "మా ఊళ్లో బస్సెక్కితే పక్క సీటులో తమిళమే. అందుకే ఆ ప్రశ్న మాకు పాటలోది అనిపించదు, మా ఇంట్లోది అనిపిస్తుంది" అని ఆ అమ్మాయి సమాధానం. తెలుగు రాని అబ్బాయి, తమిళం రాని అమ్మాయి. బాలచందర్ సినిమా కథంతా ఆ ఒక్క ప్రశ్నలో ఉందంటారా, లేదా? విశ్వనాథన్ గారు ఆ మాటకు చోటు వదిలి ట్యూను కట్టడమే అసలు గొప్ప.

రెండోది కాస్త పెద్దవారి ఎంపిక. "ఏకవీర" (1969)లో ఘంటసాల, బాలు కలిసి పాడిన యుగళం. తెర మీద ఎన్.టి. రామారావుకు ఘంటసాల, కాంతారావుకు బాలు. పెద్దాయన గొంతు వినపడ్డాక పక్కన కుర్ర గొంతు మొదటిసారి అందుకునే చోటు ఉందే, అదీ ఆయనకు నచ్చిన చోటు. బాలు మొదటి పాట రికార్డింగు 1966 డిసెంబరు 15న, కోదండపాణి గారి సంగీతంలో "శ్రీశ్రీశ్రీ మర్యాద రామన్న" కోసం జరిగింది. అప్పటికింకా మూడేళ్లయినా సరిగ్గా నిండలేదు. పక్కనేమో ఘంటసాల! "భయపడి పాడలేదు, పోటీకి పోయి పాడలేదు. పెద్దాయన పక్కన చేతులు కట్టుకొని నిలబడి పాడినట్టు పాడినాడు" అంటారు ఈ మిత్రుడు. మాకూ నిజమే అనిపిస్తుంది.

మూడోది నవ్వు పుట్టించే చోటు. "మనుషులంతా ఒక్కటే" (1976)లో అల్లు రామలింగయ్య కోసం సుశీల గారితో బాలు పాడిన పాట. పాట మొదలవగానే అల్లు వారే పాడుతున్నారా అని హాల్లో జనం ఒకరి మొహాలు ఒకరు చూసుకునేవారట! గొంతు మార్చి మిమిక్రీ చేయడం ఒక ఎత్తు. గొంతు మారినా శ్రుతి మారకపోవడం ఇంకో ఎత్తు. సాలూరి రాజేశ్వరరావు గారి ట్యూను అది. హాస్యం పేరు చెప్పి శ్రుతి తప్పితే ఊరుకునే మనిషా ఆయన?

ఇక "శంకరాభరణం" (1980) రాకుండా ఈ ఆట ఎప్పుడు ముగిసింది గనుక? కావలి నుంచి ఒక మిత్రుడు ఎంచుకున్నది తప్పు పడిన చోటు! శారద హిందోళ రాగం పాడుతూ మనసు ఎక్కడో పెట్టుకుంటుంది. హిందోళంలో రిషభం లేదు, పంచమం లేదు. ఆ లేని రిషభం వచ్చి పడుతుంది. వెంటనే శంకరశాస్త్రి కేక! రాగాల సంగతి తెలియని ప్రేక్షకుడికి కూడా అక్కడ ఏదో తప్పు జరిగిందని తెలిసిపోయింది. చెవికి పాఠం చెప్పాలంటే వంద మాటలు అక్కర్లేదు, ఒక్క తప్పు స్వరం చాలు.

అదే సినిమా క్లైమాక్సు పాటను ఏకంగా ముగ్గురు రాశారు. గురువు గొంతు ఆగిపోయిన చోట శిష్యుడి గొంతు అందుకుంటుంది. బాలు పాట ఆగి వాణీ జయరాం పాట మొదలయ్యే ఆ సందు! ముగ్గురిలో ఒకరు గూడూరు ఆస్పత్రిలో నర్సమ్మ. "నైటు డ్యూటీలో ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతిలోకి పేషెంటును అప్పజెప్పేటప్పుడు నాకు ఆ చోటే గుర్తొస్తుంది" అని రాశారు. ఇంతకన్నా మేము చెప్పేదేముంది?

ఆ తర్వాత "సాగర సంగమం" (1983). తాగిన మైకంలో కమల్ హాసన్ బావి గట్టు మీద నాట్యం చేసే పాట. తెర మీద కాళ్లు తూలుతుంటాయి. వెనక తాళం మాత్రం వెంట్రుకవాసి తప్పదు. కాలు జారుతుందేమో అని గుండె పట్టుకునేవాణ్ణి కాపాడేది ఆ తాళమే! మైకంలో ఉన్నా మనిషి లోపల విద్య చావలేదని చెప్పడానికి విశ్వనాథ్ గారు డైలాగు రాయించలేదు. ఆ పని తాళానికి అప్పగించారు.

కాలేజీ కుర్రాళ్ల ఓట్లన్నీ "ఓ పాపా లాలి"కే. తమిళంలో 1990లో వచ్చిన "కేళడి కణ్మణి"కి అది తెలుగు రూపం. తెర మీద బాలు, తెర వెనకా బాలు. ఊపిరి తీసుకోకుండా సాగిపోయే ఆ చరణం తెలియనివాళ్లెవరు? వాచీ చూసుకుంటూ ప్రయత్నించి దగ్గుతో ఆగిపోయినవాళ్లు ప్రతి హాస్టల్లోనూ ఉంటారు. అయితే ఒక మిత్రుడు మంచి మెలిక పెట్టారు: "నాకు నచ్చింది చరణం కాదు సార్. చరణం అయిపోయి పల్లవికి వచ్చే చోటు. పాడినాయన ఊపిరి సంగతి ఎట్టా ఉన్నా, అక్కడ ఊపిరి వదిలేది మనం!" శభాష్! టీ నుంచి మీకు మినహాయింపు.

చివరిగా, కోట పక్కన రొయ్యల గుంటల కాపలా మిత్రుడి ఎంపిక చూడండి. "గీతాంజలి" (1989)లో బాలు, జానకి పాడిన యుగళం. ఆయన చెప్పిన చోటులో బాలూ లేరు, జానకీ లేరు! గుండె చప్పుడు ఉంది. ఆ పాటలో లయ గుండె కొట్టుకునే లయే. ప్రాణానికి గడువు పడిన ఇద్దరి ప్రేమపాటకు ఇళయరాజా ఇంకే వాద్యం వాడగలరు? "అర్ధరాత్రి ఇంజన్లు ఆపితే గుంట గట్టున ఏ చప్పుడూ ఉండదన్నా. అప్పుడా పాట పెడితే అది ఫోనులోంచి వస్తా ఉందో, నా లోపల్నించి వస్తా ఉందో తెలవదు" అంటాడు.

ఇక్కడే గొడవ మొదలైంది!

"గుండె చప్పుడుకు మార్కులు రాజాకు వెయ్యాలి, బాలుకు కాదు" అని ఒకరు. "తాళం తప్పకపోవడం గాయకుడి గొప్పా, మృదంగం వాయించినాయన గొప్పా?" అని ఇంకొకరు. "కేక వేసింది సోమయాజులు గారు కదా, మార్కులు మహదేవన్ గారికి ఎందుకు?" అని మరొకరు. వింటూ కూర్చుంటే పొద్దు గడిచిపోయేట్టుంది. అసలు విషయం మాత్రం ఈ గొడవలోనే ఉంది మిత్రులారా!

ఇళయరాజా సంగీత దర్శకుడు కాకముందు ఏం చేసేవారో తెలుసు కదా? బాలు నడిపిన లైట్ మ్యూజిక్ ట్రూపులో గిటారు, ఆ తర్వాత హార్మోనియం వాయించేవారు. ఆయన అన్నదమ్ములు భాస్కర్, గంగై అమరన్ అందులోనే. హార్మోనియం దగ్గర అనిరుద్ధ. "అన్నక్కిళి" (1976)తో రాజా పేరు మోగకముందే ఒకరి ఊపిరి ఇంకొకరికి తెలిసిన జట్టు అది. స్టేజీ మీద గాయకుడు ఎక్కడ ఆగుతాడో, ఎక్కడ చిలిపిగా ఒక విరుపు విరుస్తాడో పక్కన గిటారు పట్టుకున్నవాడికి తెలియదా? తర్వాత సినిమాల్లో మనం మురిసిపోయిన ఎన్నో చోట్లకు విత్తనం ఆ స్టేజీల మీదే పడిందని మా నమ్మకం.

"శంకరాభరణం" సంగతే చూడండి. పాటలకు పేరు మహదేవన్ గారిది, బాలుది. ఇద్దరికీ జాతీయ అవార్డులు వచ్చాయి, వాణీ జయరాంకూ వచ్చింది. ఆ పాటలు బాలు పాడగలరని పట్టుబట్టి, దగ్గర కూర్చోబెట్టుకుని సాధన చేయించినది మహదేవన్ గారి సహాయకుడు పుహళేంది. ఆయన పేరు ఎంతమంది చెప్పగలరు? రాజా పాటల వయొలిన్ బిట్లకు ప్రాణం పెట్టే మీలో ఎంతమందికి వి.ఎస్. నరసింహన్ పేరు తెలుసు? రాజా 1986లో తెచ్చిన "హౌ టు నేమ్ ఇట్" ఆల్బంలో సోలో వయొలిన్ ఆయనదే.

ఇంకో ముచ్చట. ఆ రోజుల్లో రికార్డింగు అంటే గాయకులూ, వాద్యబృందమూ ఒకే థియేటర్లో, ఒకే సమయంలో. అన్నీ సవ్యంగా సాగి చివరి చరణంలో వెనక వరసలో ఒక వయొలిన్ తొట్రుపడినా మళ్లీ మొదటి నుంచే! ఆ తర్వాత ట్రాకులు వచ్చాయి. ఎవరి ముక్క వాళ్లు వేరేగా పాడి, వేరేగా వాయించి, తప్పుపోయిన చోటు మాత్రమే సరిచేసుకునే వీలు కలిగింది. సౌకర్యమే, కాదనం. కాని ఆ పాత పాటల్లో మీరు ఎంచుకున్న ప్రతి చోటు వెనకా గదినిండా మనుషులు ఊపిరి బిగబట్టి ఉన్నారు. ఎవరూ తప్పు చేయలేదు కాబట్టే ఆ చోటు మనదాకా వచ్చింది. అయినా రికార్డు ప్లేటు మీద మామూలుగా గాయకుల పేరు, కవి పేరు, సంగీత దర్శకుడి పేరు పడేవి. ఫ్లూటు ఊదినాయన పేరు వెతికినా దొరకదు!

అందుకే మా మాట ఇది. చోటు చెప్పడం ఆటలో సగమే. ఆ చోటు ఎవరిదో చెప్పడం రెండో సగం. బాలు మీద ప్రేమ ఉంటే అన్ని మార్కులూ ఆయనకే వెయ్యక్కర్లేదు. తనకు మొదటి పాట ఇచ్చిన గురువు పేరును రికార్డింగ్ థియేటరుకు పెట్టుకున్న మనిషి ఆయన. అది కోదండపాణి ఆడియో ల్యాబ్స్ కదా! పక్కవాడి పేరు చెబితే ఆయనకు లోటవుతుందనుకోవడం ఆయన్ను తెలుసుకోకపోవడమే.

ఈనాటి కుర్రకారుకు ఒక చిన్న చురక కూడా! సెల్‌ఫోనులో పల్లవి అయిపోగానే వేలితో నెట్టేసి తర్వాతి పాటకు పోతున్నారు. పల్లవికీ చరణానికీ మధ్య ఉన్న సంగీతం అంతా గాలికి! అల ఒడ్డుకు వచ్చేది ఒక్కటే చూసి, వెనక్కి పోయేటప్పుడు ఇసుకలో చేసే చప్పుడు వినకుండా లేచొచ్చేస్తారా ఎవరైనా మైపాడులో? ఇదీ అంతే.

కాబట్టి వచ్చే వారానికి ఇంటిపని! మీకు నచ్చిన పాట ఒకటి మొదటి నుంచి చివరిదాకా, మధ్యలో నెట్టకుండా వినండి. ఒక్క చోటు ఏరండి. గాయకుడి పేరు, సంగీత దర్శకుడి పేరు ఎలాగూ రాస్తారు. వాటి కింద మూడో పేరు ఒకటి రాయాలి. ఫ్లూటో, తబలానో, వయొలినో, పాట నేర్పిన సహాయకుడో, ఎవరైనా సరే. పేరు దొరక్కపోతే మీ ఊళ్లో ఆర్కెస్ట్రాలో వాయించిన పెద్దవాళ్లుంటారు, పోయి అడగండి. వాళ్లు చెప్పడానికి సిద్ధంగానే ఉంటారు, అడిగేవాళ్లే తక్కువ.

మూడో పేరు లేని ఉత్తరాలకు టీ ఖర్చు మీదే!