ఆటల పీరియడ్ తీసేయమంటున్నారా? ఒక్క మాట



పోయిన పేరెంట్స్ మీటింగ్‌లో ఒక తండ్రి నన్ను పక్కకు పిలిచి అడిగారు: "సార్, వారంల రెండు ఆటల పీరియడ్లెందుకు? ఆ టైంల మ్యాథ్స్ చెప్పుండ్రి. ఆడుడు ఇంటికాడ ఎట్లాగూ ఆడుతనే ఉంటడు."

"ఇంటికాడ ఏం ఆడతడు?" అన్నాను.

ఆయన కొంచెం ఆగి, "ఫోన్ల" అన్నారు.

ఆ రోజు వెనక చాలామంది వేచి ఉన్నారు. ఆయనకు చెప్పాలనుకున్నది పూర్తిగా చెప్పలేకపోయాను. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల మూడు చోట్లా ఇదే మాట అడిగేవాళ్లున్నారు కాబట్టి అందరికీ ఇక్కడ రాస్తున్నాను.

ఏడో తరగతిలో కాకతీయుల పాఠం చెప్పేటప్పుడు పిల్లలకు నేను ముందు ఒక విదేశీ బొమ్మ చూపిస్తాను. అది పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో ఉంది. క్రీ.శ. 1300 ప్రాంతంలో ఏనుగు దంతంతో చెక్కిన చిన్న అద్దపు డబ్బా మూత. అరచేతిలో పట్టేంత ఉంటుంది. దాని మీద ఒక డేరా కింద ఒక యువకుడు, ఒక యువతి ఎదురెదురుగా కూర్చుని చదరంగం ఆడుతున్నారు. వెనక ఇద్దరు నిలబడి చూస్తున్నారు. అంతే. యుద్ధం లేదు, రాజు లేడు, సింహాసనం లేదు.

ఆ కాలంలో ఫ్రాన్స్‌కు దంతం రావాలంటే ఆఫ్రికా నుంచి సముద్రం దాటి రావాలి. అంత ఖరీదైన సరుకు మీద చెక్కడానికి ఆ శిల్పికి ఇద్దరు మనుషులు కూర్చుని ఆడుకోవడం తగిన విషయంగా తోచింది. దంతం కోసం ఏనుగులను చంపేవారని, 1989లో ప్రపంచ దేశాలు దాని అంతర్జాతీయ వ్యాపారాన్ని నిషేధించాయని కూడా పిల్లలకు చెబుతాను. ఇంకో సంగతి చెబితే వాళ్లు నిటారుగా కూర్చుంటారు. ఆ ఆట మన దేశానిది. చతురంగం అన్న పేరుతో ఇక్కడ పుట్టి, పర్షియా, అరబ్ దేశాల మీదుగా యూరప్ చేరింది.

అప్పుడు మన దగ్గరికి వస్తాను. ములుగు జిల్లా పాలంపేటలోని రామప్ప గుడిని 1213లో కట్టించారు. 2021లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఆ గుడి రాళ్ల నిండా నాట్యం చేసేవాళ్లు, మద్దెల వాయించేవాళ్లు ఉంటారు. గణపతిదేవుడి ఏనుగుల సేనకు అధిపతి జాయప సేనాని. ఆయన 1253–54లో 'నృత్తరత్నావళి' అనే గ్రంథం రాశాడు. అందులో కోలలతో ఆడే నృత్యాన్ని, బంతితో ఆడే నృత్యాన్ని కూడా వివరించాడు. యుద్ధానికి ఏనుగులను నడిపించిన మనిషికి కోలలు, బంతి చిన్న విషయాలు అనిపించలేదు. మన పాత గుళ్లలో బండల మీద పులి-మేక గళ్లు గీసి ఉండడం మీలో చాలామంది చూసే ఉంటారు.

వీటన్నిటిలో నేను పిల్లలకు చూపించేది ఒక్కటే. ఆడుతున్నవాళ్లు పెద్దవాళ్లు. పైగా ఒంటరిగా లేరు.

మన పిల్లలు ఆడడం లేదని నేననను. వాళ్లు ఎదురుగా మనిషి లేకుండా ఆడుతున్నారు. మీకు అష్టా చెమ్మా తెలుసు. సుద్దముక్కతో గీసిన ఇరవై ఐదు గళ్లు, నాలుగు గవ్వలు లేదా అరగదీసిన చింతగింజలు. ఎదుటివాళ్ల కాయను ఒక్కటైనా చంపకుండా లోపలి గళ్లలోకి పోనివ్వరు. పండబోయే కాయ చచ్చి మళ్లీ మొదటికి వస్తుంది. అప్పుడు ఏడుపు వస్తుంది, అయినా మన వంతు వచ్చేదాకా కూర్చోవాలి. గవ్వ పక్కకు వాలితే అది నాలుగా, మూడా అని కొట్లాడి, మళ్లీ మనమే తేల్చుకోవాలి. ఫోన్‌లో ఓడిపోతే ఆట మూసేసి ఇంకోటి తెరవచ్చు. ఇక్కడ ఆ వీలు లేదు.

పోయిన ఏడాది ఆరో తరగతిలో ఒకరోజు నేల మీద గీసి ఆడించాను. ఒక బాబు మొదటి కాయ చావగానే చేత్తో గళ్లన్నీ చెరిపేశాడు. మూడో వారానికి వాడే ఓడిపోయి కూడా లేవకుండా, మిగతావాళ్ల పందేలు లెక్కపెడుతూ కూర్చున్నాడు. ఆ మార్పుకు ప్రోగ్రెస్ కార్డులో గడి లేదు.

"చెస్ కోచింగ్‌కు పంపిస్తున్నాం కదా" అంటారు కొందరు. మంచిదే. మన వరంగల్ అర్జున్ ఇరిగేశి 2024 డిసెంబర్‌లో 2800 రేటింగ్ దాటాడు. అది మనందరికీ గర్వం. కానీ కోచింగ్‌లో రేటింగ్ కోసం ఆడతారు. ఇంట్లో మీతో ఆడేటప్పుడు మీ కోసం ఆడతారు. రెండోది ఏ ఫీజుకూ దొరకదు.

"ఆడడానికి ఇంట్లో ఎవరున్నారు సార్?" అన్నది గట్టి ప్రశ్న. నాన్న దుబాయిలోనో మస్కట్‌లోనో ఉంటారు. అమ్మ బీడీలు చుడుతూ ఉంటుంది. సిరిసిల్లలో నాన్న రాత్రంతా మరమగ్గం దగ్గర ఉండి, పగలు నిద్రపోతారు. మీకు రోజూ తీరిక ఉంటుందని నేను అనుకోవడం లేదు. ఆదివారం అరగంట చాలు. అదీ కుదరకపోతే నానమ్మకో తాతకో గవ్వలు ఇవ్వండి. వాళ్లకు ఆట నేర్పించే అవసరం ఉండదు.

మా వైపు తప్పు కూడా ఒప్పుకోవాలి. పోయిన ఏడాది పరీక్షల ముందు ఆటల పీరియడ్లలో రివిజన్ పెట్టింది మేమే. ఒక్కరూ ఎందుకని అడగలేదు. కొందరు థాంక్స్ కూడా చెప్పారు. 2009 విద్యాహక్కు చట్టం బడికి ఆటస్థలం, ఆట సామగ్రి ఉండాలని చెప్పింది. అవి మాకున్నాయి. టైం మాత్రం మేమే లాక్కున్నాం. ఈసారి ఆ పని చేయొద్దని స్టాఫ్ మీటింగ్‌లో అడిగాను. ఇంకా తేలలేదు. మీరు కూడా అడిగితే తేలుతుంది.

వచ్చే మీటింగ్‌లో మీరు మార్కుల గురించి అడగండి, తప్పకుండా చెబుతాను. నేను మిమ్మల్ని ఒకటి అడుగుతాను: ఈ నెలలో మీ బిడ్డ చేతిలో ఎన్నిసార్లు ఓడిపోయారు?

— సోషల్ స్టడీస్ ఉపాధ్యాయుడు, కోరుట్ల శాఖ