ఆత్మ చెప్పాడా, మన మనసు చెప్పిందా?



కొన్ని సంవత్సరాల క్రిందట ఏజెన్సీ వైపు నుండి ఒక సహోదరిని చెయ్యి కాలి వార్డుకు తీసుకొచ్చారు. ఆమెకు మూర్ఛ జబ్బు. మాత్రలు వేసుకుంటూ బాగానే ఉండేది. ఒక రాత్రి ప్రార్థనలో మనసు తేలికై, "ఇక మందులు వద్దని ఆత్మ నాతో చెప్పాడు" అని మానేసింది. వారం తిరగకుండానే పొయ్యి దగ్గర ఫిట్స్ వచ్చి పడిపోయింది.

ఆ రోజు నేను ఆమెను గట్టిగా గదమాయించాను. ఆమె మెల్లగా, "అమ్మా, నాకు విశ్వాసం చాల్లేదంటారా?" అని అడిగింది. రాత్రంతా నిద్ర పట్టలేదు. ఉదయం డ్యూటీ ఎక్కగానే మొదట ఆమె మంచం దగ్గరకే వెళ్లి క్షమించమని అడిగాను. పరిశుద్ధాత్మ నడిపింపు నాకు ఎక్కువసార్లు ఇలాగే వస్తుంది. పెద్ద స్వరంగా కాదు, చేయవలసిన చిన్న పనిగా.

ఆమెకు విశ్వాసం తక్కువ కాలేదు. కలిగిన తలంపును పరీక్షించుకోవాలని ఎవరూ నేర్పలేదు, అంతే. 1 థెస్సలొనీకయులకు 5వ అధ్యాయంలో పౌలు ఆత్మ కార్యాన్ని అడ్డుకోవద్దని హెచ్చరించి, ఆ వెంటనే అన్నిటినీ పరిశీలించమని కూడా చెప్పాడు. ఈ రెండూ కలిసే ఉండాలి.

ఏదైనా ప్రేరేపణ కలిగితే నేను మూడు ప్రశ్నలు వేసుకుంటాను. ఇది వాక్యానికి సరిపోతుందా? దీనివలన గలతీ 5వ అధ్యాయంలోని ఆత్మ ఫలము, అంటే ప్రేమ, సమాధానము, ఆశానిగ్రహము నాలో పెరుగుతాయా? సంఘ పెద్దలకూ, శరీర సంగతైతే డాక్టరుగారికీ దాచకుండా చెప్పగలనా? పౌలుతో ప్రయాణం చేసిన లూకా వైద్యుడే కదా! ఫిట్స్ మాత్రలు ఒక్కసారిగా మానకూడదు. మానవలసి వస్తే డాక్టరే కొద్దికొద్దిగా తగ్గిస్తారు.

మన తెలుగు నేల మీదే ఒక సాక్ష్యం ఉంది. డాక్టర్ అన్నా సారా కూగ్లర్ గారు 1883లో అమెరికా నుండి గుంటూరు వచ్చారు. వైద్యం చదివినా, మిషను వారు ఆమెను పంపింది స్త్రీల మధ్య బోధన పనికే. ఆమె అలిగి తిరిగి వెళ్లలేదు. అప్పగించిన పని చేస్తూనే, వచ్చిన రోగులనూ చూశారు. 1885లో మిషనే ఆమెను వైద్య సేవకు నియమించింది. ఆసుపత్రి తెరిచేసరికి 1898 వచ్చింది. అంటే పదిహేనేళ్లు! పిలుపు నిజమైనదైతే ఓర్పుకూ, పెద్దల పరీక్షకూ నిలుస్తుంది.

నైట్ డ్యూటీలో ఒక్కోసారి, ఇప్పుడే చూసి వచ్చిన పేషెంటు దగ్గరకు మళ్లీ వెళ్లాలనిపిస్తుంది. వెళ్తే బీపీ పడిపోతూ ఉంటుంది. అది ఆత్మ ప్రేరేపణా, ఇన్నేళ్ల అనుభవమా అని జూనియర్ సిస్టర్లు అడుగుతారు. నాకు రెండూ వేరుగా కనబడవు. నేర్చుకున్న చదువును కూడా ప్రభువు వాడుకుంటాడు.

కనుక మందులు మానాలన్న తలంపు మీకు కలిగితే ముందు మా దగ్గరకు రండి. కోప్పడము. మీతో కలిసి ప్రార్థన చేస్తాము, డాక్టరుగారితో కలిసి మాట్లాడదాము. అంతవరకు ఈ రాత్రి మాత్ర మాత్రం మానకండి.