ఆపద రాకముందే కావాల్సిన పరిచయం

నార్త్ కరోలినాలో రాలీని ఆనుకుని ఉన్న క్యారీ పట్టణం ఫోన్ కోడ్ 919. అక్కడి నుంచి ఇండియాకు చేయాలంటే ముందు 011, ఆ వెంట 91 నొక్కాలి. ఈ రెండు వరసల్లో వేలు తడబడితే ఫోన్ అత్యవసర నంబరు 911కు పోవచ్చు. ఊళ్లో ఉన్న చెల్లెలితో కాసేపు మాట్లాడదామని కూర్చున్న పెద్దావిడకు అవతల నుంచి 'ఎమర్జెన్సీ ఎక్కడ?' అని ఇంగ్లీషులో వినపడితే గుండె ఝల్లుమంటుంది. చటుక్కున పెట్టేస్తుంది. చేయకూడనిది అదే. మాటా పలుకూ లేకుండా తెగిపోయిన కాల్‌ను 911 కేంద్రాలు మామూలుగా వదిలేయవు. తిరిగి ఫోన్ చేస్తాయి, జవాబు రాకపోతే గుమ్మం ముందుకు పోలీసు రావచ్చు కూడా. 'పొరపాటున నొక్కాను, అందరం క్షేమమే' అని ఒక్క ముక్క చెప్పి పెట్టేస్తే సరిపోతుంది.

క్యారీ తెలుగు ఇళ్లలో ఈ ఒక్క ముక్క ఎంతమంది పెద్దవాళ్లకు నేర్పి ఉంటారు? నంబరు అందరికీ తెలుసు. దాని వెనకున్న మనుషులతోనే పరిచయం లేదు. ఆ పరిచయం పెంచుకునే దారులు పట్టణంలో ఇప్పటికే ఉన్నాయి. వాటిని వాడుకోకపోవడమే మనవాళ్లకు జరుగుతున్న నష్టం.

2020 జనాభా లెక్కల్లో క్యారీ జనం 1,74,721. అందులో ఆసియా మూలాలున్నవాళ్లు దాదాపు ఐదోవంతు. శ్రీ వేంకటేశ్వర స్వామి గుడికి కట్టిన 87 అడుగుల గోపురాన్ని 2022లో అప్పటి గవర్నర్ రాయ్ కూపర్ ప్రారంభించారు. కోకా బూత్ యాంఫీథియేటర్‌లో ఏటా దీపావళి జరుగుతుంది. ట్రయాంగిల్ ఏరియా తెలుగు సంఘం ఉగాది, సంక్రాంతి చేస్తూనే ఉంటుంది. ఇంత స్థిరపడిన సమాజం పోలీసుల విషయానికొచ్చేసరికి మాత్రం ఇంకా కొత్తగా దిగినట్టే ఉంటుంది. కారణం పాతదే. పోలీసు స్టేషన్ గడప తొక్కితే పరువు పోతుందన్న భయాన్ని మనం సూట్‌కేసులో పెట్టుకుని సముద్రాలు దాటించాం.

క్యారీ పోలీసు శాఖ నడుపుతున్న ఏర్పాట్లు చూస్తే ఆ భయానికి అక్కడ పెద్దగా పని లేదనిపిస్తుంది. పట్టణాన్ని భాగాలుగా విడదీసి, ఒక్కో భాగాన్ని ఒక్కో అధికారుల బృందానికి అప్పగిస్తారు. రోజూ అవే వీధుల్లో తిరిగే ఆఫీసర్‌కు ఏ మలుపులో పిల్లలు ఆడుకుంటారో, ఏ పార్కింగ్‌లో రాత్రిళ్లు దీపం వెలగదో క్రమంగా తెలుస్తుంది. అద్దె అపార్ట్‌మెంట్ల కోసం 'ప్రాజెక్ట్ ఫీనిక్స్' అనే కార్యక్రమం ఉంది. సముదాయం మేనేజర్లు, అద్దెకుండేవాళ్లు, పోలీసులు కలిసి నేరాలకు చోటివ్వని వాతావరణం తయారుచేయాలన్నది దాని ఉద్దేశం. కొత్తగా ఉద్యోగంలో చేరిన తెలుగు కుటుంబం మొదటి కాపురం పెట్టేది ఎక్కువగా అపార్ట్‌మెంట్‌లోనే కాబట్టి, అందరికంటే ముందు దీని గురించి తెలుసుకోవాల్సింది మనవాళ్లే.

సిటిజన్స్ పోలీస్ అకాడమీ ఇంకో దారి. పోలీసుల పని ఎలా జరుగుతుందో, ఎప్పుడు బలం వాడొచ్చో, దర్యాప్తు ఏ వరసలో నడుస్తుందో మామూలు పౌరులకు తరగతులు పెట్టి చెప్పడం అమెరికాలో చాలా ఊళ్లలో ఉన్న పద్ధతే. క్యారీలోనూ ఉంది. కాలేజీలో చదివే పిల్లల నుంచి రిటైరైన తాతయ్యల దాకా ఎవరైనా కూర్చుని ప్రశ్నలడగొచ్చు. పండగ వేదిక మీద పోలీసు అధికారికి శాలువా కప్పి ఫొటో దిగడం మర్యాదే గానీ దాన్ని పరిచయం అనలేం. ఆ తరగతిలో కూర్చుని, 'మా నాన్నగారికి ఇంగ్లీషు రాదు, ఆయన్ను మీ ఆఫీసర్ ఆపితే ఏం చేస్తాడు?' అని అడిగితే అప్పుడు పరిచయం మొదలవుతుంది.

ఆ ప్రశ్న ఊహలోంచి పుట్టింది కాదు. 2015 ఫిబ్రవరి 6న అలబామా రాష్ట్రంలోని మాడిసన్‌లో సురేశ్‌భాయ్ పటేల్ అనే 57 ఏళ్ల గుజరాతీ పెద్దాయన కొడుకు ఇంటి చుట్టుపక్కల నడుస్తున్నారు. మనవణ్ని చూసుకోవడానికి అప్పుడే ఇండియా నుంచి వచ్చారు. ఎవరో కొత్త మనిషి ఇళ్ల వంక చూస్తూ తిరుగుతున్నాడని పొరుగింటివారు పోలీసులకు ఫోన్ చేశారు. ఆపిన ఆఫీసర్‌తో ఆయన చెప్పగలిగింది 'నో ఇంగ్లిష్', 'ఇండియా' అన్న మాటలే. కాసేపటికి ఆఫీసర్ ఆయన్ను నేలకేసి కొట్టాడు. వెన్నెముక దెబ్బతిని ఒళ్లు పాక్షికంగా చచ్చుబడింది. గవర్నర్ క్షమాపణ చెప్పారు. ఫెడరల్ కోర్టులో రెండుసార్లు జ్యూరీ ఏకాభిప్రాయానికి రాలేదు, 2016లో జడ్జి ఆ ఆఫీసర్‌ను నిర్దోషిగా వదిలేశారు. 2021లో 17.5 లక్షల డాలర్లకు సివిల్ దావా రాజీ అయింది.

తప్పు ఆఫీసర్‌దే, అందులో అనుమానం అక్కర్లేదు. పరాయి దేశంలో పెద్దాయన ఇంగ్లీషు నేర్చుకోలేదనడం న్యాయం కాదు. అయితే ఇక్కడ ఇంకో పాఠం కూడా ఉంది. ఇరుగుపొరుగును అప్రమత్తంగా ఉండమని చెప్పే ఏ కార్యక్రమానికైనా రెండో అంచు ఉంటుంది. పక్కింటి మనిషి ఎవరో తెలియనప్పుడు అప్రమత్తత అనుమానంగా మారిపోతుంది. అందుకే క్యారీ పోలీసులు వీధిని కనిపెట్టుకుని ఉండే నైబర్‌హుడ్ వాచ్ బృందాలతో మాట్లాడేటప్పుడు, ఎవరు కొత్తగా కనిపిస్తున్నారన్నది కాదు, ఎవరు ఏం చేస్తున్నారన్నదే చూడమని ప్రతిసారీ నొక్కి చెప్పాలి. సాయంత్రం చీర మీద స్వెటర్ వేసుకుని, కాళ్లకు స్పోర్ట్స్ షూ తొడుక్కుని నడిచే అమ్మమ్మలు ఆ పట్టణ ప్రజల్లో భాగమే. ఆరు నెలలకు వచ్చి పోయేవాళ్లయినా సరే. తెలుగు కుటుంబాలు చేయాల్సిందీ ఉంది. అమ్మానాన్నలు దిగిన వారంలోనే అటూ ఇటూ ఇళ్లవాళ్లకు పరిచయం చేయాలి. అపార్ట్‌మెంట్ నంబరుతో సహా చిరునామా రాసిన కాగితం వాళ్ల జేబులో ఉండాలి. 911 వాళ్లు మొదట అడిగేది ఆ చిరునామానే. చాలా 911 కేంద్రాలకు ఫోన్‌లోనే దుబాసీని కలిపే సదుపాయం ఉంటుంది కాబట్టి, 'తెలుగు' అని స్పష్టంగా చెప్పడం కూడా నేర్పాలి.

బంగారం సంగతి మరీ సున్నితమైనది. 2011 నుంచి 2014 దాకా జార్జియా, న్యూయార్క్, ఒహాయో, మిషిగన్, టెక్సస్ రాష్ట్రాల్లో ఒక ముఠా ఆసియా, దక్షిణాసియా మూలాల కుటుంబాలనే వెతికి ఇళ్లలోకి చొరబడింది. తుపాకులు చూపించి, పిల్లలున్నారని కూడా చూడకుండా దోచుకుంది. ముందుగా ఇళ్ల జాబితాలు తయారుచేసి ఇచ్చిన నాయకురాలికి 2019లో 37 ఏళ్ల జైలు పడింది. భారతీయుల ఇళ్లలో బంగారం ఉంటుందన్న సంగతి దొంగలకు బాగా తెలుసు. ఊరెళ్లేముందు పోలీసులకు చెబితే ఖాళీ ఇంటిని చూసి వెళ్లే ఏర్పాటు క్యారీలో ఉంది. ఆంధ్రప్రదేశ్ పోలీసుల లాక్డ్ హౌస్ మానిటరింగ్ సిస్టమ్ తెలిసినవారికి ఇది కొత్త కాదు. అక్కడ యాప్‌లో నమోదు చేసుకుంటే తాళం వేసిన ఇంట్లో పోలీసులే కెమెరా పెడతారు. విజయవాడలో ఆ సాయం అడిగే కుటుంబమే క్యారీలో, ఇండియా వెళ్తున్నామని పోలీసులకు చెప్పదు గానీ విమానాశ్రయం నుంచి ఫొటో పెట్టి లోకమంతటికీ చెబుతుంది.

ఇక ఎవరూ ఎత్తని విషయం ఒకటుంది. భర్త వీసా మీద వచ్చి, ఇంట్లో దెబ్బలు తింటూ, పోలీసులకు చెబితే దేశం నుంచి పంపేస్తారేమోనని నోరు మూసుకునే ఆడవాళ్ల సంగతి. క్యారీ పట్టణ పోలీసులు ఇమిగ్రేషన్ అధికారులు కారు. పైగా గృహహింస లాంటి నేరాలకు గురై, దర్యాప్తుకు సహకరించినవారి కోసం 2000లో చేసిన చట్టం, అమెరికాలో ఉండనిచ్చే యు వీసాను తెచ్చింది. ఏటా 10,000 వరకూ ఇస్తారు. ఆ దరఖాస్తుకు కావాల్సిన ధ్రువీకరణ పత్రం మీద సంతకం పెట్టేది సాధారణంగా దర్యాప్తు చేసిన పోలీసు శాఖే. అంటే ఆమె ఏ స్టేషన్‌కు వెళ్లడానికి భయపడుతోందో, ఆమెకు కావాల్సిన సంతకం అక్కడే ఉంది. నేరుగా వెళ్లడానికి ధైర్యం చాలకపోతే, దక్షిణాసియా కుటుంబాల కోసం 1999 నుంచి నార్త్ కరోలినాలో పనిచేస్తున్న 'కిరణ్' సంస్థ ఉంది. హైదరాబాద్‌లో 2014 అక్టోబరులో ఆడవాళ్ల భద్రత కోసం పోలీసుల షీ టీమ్స్ వచ్చాక, స్టేషన్ మెట్లెక్కని అమ్మాయిలు కూడా వాట్సాప్‌లో ఫిర్యాదు చేయడం అలవాటు చేసుకున్నారు. చెప్పుకునే దారి దగ్గరగా ఉంటే మనవాళ్లు వెనకాడరు. క్యారీలో ఆ దారి చూపించాల్సిన బాధ్యత తెలుగు సంఘాలది. బతుకమ్మ ఆడే మైదానంలో ఒక బల్ల వేసి, ఒక మహిళా ఆఫీసర్‌నూ కిరణ్ ప్రతినిధినీ కూర్చోబెట్టడానికి ఖర్చేమీ కాదు.

పోలీసు శాఖ కూడా రావాల్సిన దూరం ఉంది. సమావేశం పెట్టాం, ఎవరూ రాలేదంటే సరిపోదు. ఐదోవంతు జనం ఆసియా మూలాలవాళ్లైన పట్టణంలో 911 సూచనలు తెలుగు, హిందీ, చైనీస్ భాషల్లో ఒక పేజీగా ముద్రించి గుళ్లలో, కిరాణా కొట్లలో ఉంచాలి. అక్కడ పుట్టి పెరిగిన తెలుగు పిల్లల్లో కొందరైనా ఆ యూనిఫాం వేసుకునేలా పిలవాలి. ఇంట్లో పోలీసు ఉద్యోగం మాట ఎత్తితే కళ్లెర్రజేసే తల్లిదండ్రులు కూడా ఆలోచించుకోవాలి.

నేషనల్ నైట్ అవుట్ అమెరికాలో 1984లో మొదలైంది. చాలా రాష్ట్రాల్లో ఏటా ఆగస్టు మొదటి మంగళవారం సాయంత్రం కాలనీ జనం, పోలీసులు ఒకచోట చేరతారు. సాధారణంగా ఆ రోజుల్లో ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు ఇంట్లోనే ఉంటారు. ఈసారి వాళ్లను వెంటబెట్టుకుని వెళ్లండి. మీ వీధిలో తిరిగే ఆఫీసర్‌కు వాళ్లను పేరు పేరునా పరిచయం చేయండి.