లెక్క అడిగే హక్కు గూడేనిదే



బోరు చెడిపోయినా, మోరీ తీయకపోయినా మనం ముందుగా సర్పంచ్‌నే తిడతం. ఆయనేమో "పైసలు పైనుంచి రాలే" అంటడు. ఒక్కోసారి అది నిజమే. ఒక్కోసారి పైసలు వచ్చినా మనకు తెల్వదు. ఏది నిజమో మనమే చూసి తెలుసుకోవాలె, అదే నా మాట.

ముందు పైసలు వచ్చే దారి చూద్దాం. పంచాయతీలకు కేంద్రం ఎంత ఇవ్వాలో ఆర్థిక సంఘం చెప్తది. 15వ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి గ్రామీణ స్థానిక సంస్థలకు 2,36,805 కోట్లు సిఫారసు చేసింది. అందులో 60 శాతం తాగునీరు, పారిశుధ్యానికే వాడాలని చెప్పింది. మిగతా 40 శాతం ఊరి అవసరాలకు. కేంద్రం నుంచి అందిన 10 పనిదినాల్లోపు రాష్ట్రం ఆ సొమ్మును కిందికి పంపాలి. ఆలస్యమైతే వడ్డీ కట్టాలి.

కానీ ఎన్నికైన పాలకవర్గం లేని పంచాయతీకి ఈ గ్రాంటు రాదు. తెలంగాణలో సర్పంచ్‌ల గడువు 2024 ఆరంభంలో అయిపోతే, ఎన్నికలు 2025 డిసెంబరులో జరిగినయి. ఆ ఆలస్యానికి గూడెం కారణం కాదు. నష్టం మాత్రం గూడేనిదే.

ఇగ పైసలు వచ్చినంక సంగతి. షెడ్యూల్డ్ ప్రాంతాలకు 1996 నాటి పెసా చట్టం ఉంది. భూమి గొడవో, ఇసుక గొడవో వస్తేనే మనకది యాదికొస్తది. దాని 4వ సెక్షన్‌లో ఇంకో మాట కూడా ఉంది. పనుల ప్రణాళికను పంచాయతీ అమలు చేసే ముందు గ్రామసభ ఆమోదించాలి. ఖర్చయినంక నిధుల వినియోగ ధృవపత్రం కూడా పంచాయతీ గ్రామసభ దగ్గరే తీసుకోవాలి. అంటే లెక్క సరిగ్గుందని చెప్పాల్సింది మన అవ్వలు, తాతలు.

"సదువు రానోళ్లు లెక్కలేం చూస్తరు?" అని కొందరంటరు. నేను ఒప్పుకోను. మోరీ కట్టిన్రో లేదో చూసేందుకు సదువు అక్కర్లేదు. కాయితం చదివేందుకు మనం ఉన్నం. మా ఇంట్ల కాలేజీ మెట్టెక్కిన మొదటి మనిషిని నేనే. మీలో చాలామంది అంతే. ఆ సదువు ఊరికి ఇక్కడ పనికిరావాలె.

ఈ-గ్రామ్‌స్వరాజ్ వెబ్‌సైట్‌ల పంచాయతీ ప్రణాళిక, చెల్లింపులు ఫోన్లోనే చూడొచ్చు. సెలవులకు పోయినప్పుడు మీ పంచాయతీవి రాసుకొని, గ్రామసభల గోండి, కోయ, లంబాడీ, ఏ భాషైతే ఆ భాషలో చదివి వినిపియ్యండి. సర్పంచ్ మనోడైనా అడగండి. పైసలు నిజంగానే రాలేదని తేలితే ఆయనతో కలిసి పైవాళ్లను అడుగుదాం. పని కాకుండ మాత్రం సంతకం గాని, వేలిముద్ర గాని పెట్టనియ్యొద్దు.

జోహార్.